ఆటగాడి విలువకు ఏ అంకెను నమ్మాలి: ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్, సీఐఈఎస్, చెల్లించిన ఫీజు

2022లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ సిటీ స్ట్రైకర్ హాలండ్‌ని జర్మనీ క్లబ్ డార్ట్‌మండ్ నుంచి 60 మిలియన్ యూరోలకు తీసుకుంది. అప్పటికి ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్ సైట్‌లో అతని విలువ 150 మిలియన్లు. 2017లో నెయ్‌మార్ కోసం పారిస్ క్లబ్ పీఎస్‌జీ బార్సిలోనాకు కట్టింది 222 మిలియన్లు, సైట్‌లో ఉన్నది 100. 2024లో ఎంబాపే రియల్ మాడ్రిడ్‌కి వెళ్ళినప్పుడు సైట్‌లో 180 ఉంది, పీఎస్‌జీకి ముట్టిన ట్రాన్స్‌ఫర్ ఫీజు సున్నా. ఒకరికి విలువలో సగం కూడా రాలేదు, ఒకరికి రెట్టింపు దాటింది, ఒకరికి పైసా లేదు.

విజయనగరం గంట స్తంభం దగ్గరైనా, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లోనైనా ట్రాన్స్‌ఫర్ విండో (క్లబ్బులు ఆటగాళ్ళని కొనుక్కునే గడువు) తెరిచిన దగ్గర్నుంచి టీ కొట్ల దగ్గర నడిచే గొడవంతా దీని గురించే. ఒక కుర్రాడు సైట్ తెరిచి చూపిస్తాడు. పక్కవాడు వార్త చూపించి ‘అదేటిరా, అరవైకే వచ్చేసినాడు కదా’ అంటాడు. ఇద్దరి దగ్గరా ఉన్న అంకెలు సరైనవే. ఒకటి ఆటగాడి విలువ గురించి, రెండోది ఆ రోజున ఆ రెండు క్లబ్బుల మధ్య కుదిరిన బేరం గురించి. మీరు తెలుసుకోవాలనుకుంటున్నది ఈ రెండింటిలో ఏది అన్నదాన్ని బట్టి ఏ అంకె పట్టుకోవాలో తేలుతుంది. అందుకే ఒక్కో దాన్నీ ఎలా తయారు చేస్తారో ముందు చూద్దాం.

ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్

ఇది 2000లో జర్మనీలో మథియాస్ సైడెల్ మొదలుపెట్టిన సైట్. కంప్యూటర్ ఏదో సూత్రం వేసి ఇక్కడి విలువలు తీస్తుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. సభ్యులు ఒక్కో ఆటగాడి గురించి వాదించుకుంటారు: వయసెంత, ఈ సీజన్ ఎలా ఆడాడు, గాయాలున్నాయా, ఏ లీగ్, అతనిలాంటి వాళ్ళు ఈ మధ్య ఎంతకు వెళ్ళారు. ఆ వాదనలన్నీ చూసి బాధ్యులు ఒక అంకె నిర్ణయిస్తారు. ఓట్లు కలిపి సగటు తీయడం కూడా కాదు. బాగా వాదించిన ఒక్కడి మాట పదిమంది ఊరికే వేసిన అంకెల కంటే బరువు తూగవచ్చు.

దీని బలం అక్కడే ఉంది. ఒక మిడ్‌ఫీల్డర్ గోల్స్ కొట్టకపోయినా జట్టును ఎలా మోస్తున్నాడో ప్రతి వారం మ్యాచ్ చూసేవాళ్ళకి తెలుస్తుంది, గణాంకాల పట్టికలో అంత తేలిగ్గా కనబడదు. కోవిడ్ వచ్చి ఆటలు ఆగిపోయిన 2020 ఏప్రిల్‌లో వాళ్ళు ఒక్కసారిగా అందరి విలువలూ తగ్గించారు. 1998లోనూ ఆ తర్వాతా పుట్టినవాళ్ళకి 10 శాతం, మిగతావాళ్ళకి 20 శాతం కోత పెట్టారు. కుర్రాళ్ళకి ముందు చాలా కెరీర్ ఉంది, మార్కెట్ కోలుకునేసరికి వాళ్ళ ధర కూడా కోలుకుంటుంది, ముప్ఫై దాటినవాడికి అంత సమయం ఉండదు. ఈ ఆలోచన మనుషులు కూర్చుని చేసింది.

బలహీనత కూడా మనుషుల దగ్గరే ఉంది. ఇంగ్లండ్, స్పెయిన్, జర్మనీ ఆటగాళ్ళ గురించి వేలమంది మాట్లాడతారు కాబట్టి ఆ అంకెలు బాగా నలిగి వస్తాయి. చిన్న లీగ్‌ల గురించి వాదించేవాళ్ళు తక్కువ, విలువలు మారేది కూడా అరుదు. ఇంకో సంగతి, పేరున్న క్లబ్ చొక్కా వేసుకోగానే కొందరి విలువ పెరుగుతుంది. పెద్ద క్లబ్బులో ఆడటం నిజంగానే ధర పెంచుతుంది కాబట్టి అది పూర్తిగా తప్పని అనలేం. కానీ బెంచి మీద కూర్చున్నవాడికి కూడా ఆ మెరుపు కొంత అంటుకుంటుంది.

సీఐఈఎస్

స్విట్జర్లాండ్‌లోని న్యూషాటెల్‌లో ఉన్న క్రీడా అధ్యయన సంస్థ ఇది. ఫిఫా, అక్కడి విశ్వవిద్యాలయం, నగర పాలన, ప్రాంతీయ ప్రభుత్వం కలిసి 1995లో పెట్టాయి. దీని ఫుట్‌బాల్ విభాగం పాత ట్రాన్స్‌ఫర్ల ఫీజులు తీసుకుని, ఏ అంశం ధరను ఎంత కదిలించిందో గణాంక పద్ధతిలో లెక్క కడుతుంది. వయసు, కాంట్రాక్ట్‌లో మిగిలిన కాలం, పొజిషన్, ఆడిన నిమిషాలు, క్లబ్ స్థాయి, లీగ్ స్థాయి, జాతీయ జట్టులో ఆట, ఏటేటా పెరిగే ధరలు అన్నీ అందులో ఉంటాయి. అడిగే ప్రశ్న కూడా వేరు: ఇప్పుడు ఇతన్ని అమ్మితే ఎంత ఫీజు రావచ్చు?

ఈ తేడా గుర్తుంచుకుంటే సగం గొడవలు తీరిపోతాయి. కాంట్రాక్ట్ అయిపోవస్తున్నవాడికి సీఐఈఎస్ అంకె గట్టిగా పడిపోతుంది. ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్‌లో అంతగా పడదు, ఎందుకంటే అక్కడ చూసేది ప్రధానంగా ఆటగాడి స్థాయిని. ఉచితంగా వెళ్ళిపోతున్నా సైట్‌లో ఎంబాపే 180 దగ్గరే ఉండటానికి కారణం అదే.

కుర్రాళ్ళ విషయంలో లెక్కతో నడిచే పద్ధతులు ఇచ్చే అంకె ఒక్కోసారి చూసేవాళ్ళకి అతిగా అనిపిస్తుంది. విజయనగరం జిల్లాలో మామిడి తోటను పూత మీదే వ్యాపారికి ఇచ్చేస్తారు. వ్యాపారి డబ్బు కట్టేది చెట్టు మీద కనబడుతున్న పూతకు కాదు, రాబోయే కాయకు. పద్దెనిమిదేళ్ళ ఆటగాడి ధర కూడా అలాంటిదే. వినీసియస్ జూనియర్‌కి పదహారేళ్ళప్పుడు, 2017లో, రియల్ మాడ్రిడ్ ఫ్లమెంగోకు 45 మిలియన్ యూరోలు ఒప్పుకుంది. పద్దెనిమిది నిండకుండా దేశం దాటి ట్రాన్స్‌ఫర్ చేయడం ఫిఫా నియమాల్లో మామూలుగా కుదరదు కాబట్టి 2018 దాకా ఆగి తెచ్చుకుంది. అక్కడ కాయ బాగా దిగింది. 2019లో పందొమ్మిదేళ్ళ జావో ఫెలిక్స్‌కి అట్లెటికో మాడ్రిడ్ బెన్ఫికాకు 126 మిలియన్లు కట్టింది. అయిదేళ్ళ తర్వాత అతను చెల్సీకి వెళ్ళినప్పుడు అందులో సగం కూడా రాలేదు. ఏ పద్ధతి వాడినా ఇరవై ఏళ్ళ లోపు వాళ్ళ అంకెను ఒక్క అంకెగా చూడకండి. ఇంత నుంచి ఇంత వరకు అని ఒక పరిధిగా చూడండి.

చెల్లించిన ఫీజు

నిజంగా చేతులు మారిన డబ్బు కాబట్టి అన్నిటికంటే నమ్మదగ్గది ఇదేననిపిస్తుంది. ఎక్కువ జాగ్రత్తగా చదవాల్సింది కూడా ఇదే.

ముందుగా, వార్తలో వచ్చే అంకె దేని అంకె? 2017లో డెంబెలే కోసం బార్సిలోనా డార్ట్‌మండ్‌కి ఖాయంగా ఒప్పుకున్నది 105 మిలియన్ యూరోలు. ఇన్ని మ్యాచ్‌లు ఆడితే, ఈ కప్పు గెలిస్తే అంటూ షరతుల మీద ఇచ్చేది మరో 40 వరకు. ఒక పేపర్ 105 అని వేస్తుంది, ఇంకోటి 145 అని వేస్తుంది. రెండోది, కరెన్సీ. ఇంగ్లండ్ వార్తలు పౌండ్లలో ఉంటాయి, మిగతా యూరప్ యూరోల్లో. హాలండ్ 60 మిలియన్ యూరోలే ఇంగ్లండ్ పేపర్లలో 51 మిలియన్ పౌండ్లయ్యాయి. ఆ రెండూ చూసి రెండు వేర్వేరు వార్తలనుకుని కొట్టుకునేవాళ్ళని చూశాను. ఏజెంట్ కమిషన్, సంతకం చేసినందుకు ఆటగాడికిచ్చే బోనస్ సాధారణంగా ఫీజులో కలవవు. ఉచితంగా వచ్చిన ఎంబాపేకి రియల్ పెద్ద బోనస్ ఇచ్చింది. ఆ డబ్బు పీఎస్‌జీకి రాలేదు కాబట్టి ఫీజు గడిలో సున్నానే ఉంటుంది.

ఖచ్చితమైన అంకె కావాలంటే స్టాక్ మార్కెట్‌లో ఉన్న క్లబ్బుల ప్రకటనలు చూడండి. బెన్ఫికా, పోర్టో, డార్ట్‌మండ్, జువెంటస్, మాంచెస్టర్ యునైటెడ్ మదుపర్లకి లెక్క చెప్పాలి. జావో ఫెలిక్స్ 126, 2023 జనవరిలో చెల్సీకి వెళ్ళిన ఎంజో ఫెర్నాండెజ్ 121 మిలియన్ యూరోల అంకెలు బెన్ఫికా అధికారికంగా చెప్పినవే. మిగతాచోట్ల ‘వివరాలు వెల్లడించలేదు’ అన్న ఒక్క ముక్కతో సరిపెడతారు. అలాంటప్పుడు వచ్చే అంకెలన్నీ విలేకరులకు ఎవరో చెప్పినవి. అమ్మినవాడు ఎక్కువ చెబుతాడు, కొన్నవాడు తక్కువ చెబుతాడు.

ఇక ఫీజు విలువ నుంచి ఎందుకు తప్పుతుంది? నన్నడిగితే మొదట చూడాల్సింది కాంట్రాక్ట్‌లో మిగిలిన కాలం. 1995 డిసెంబర్ 15న బోస్మన్ కేసులో యూరోపియన్ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు తర్వాత, కాంట్రాక్ట్ అయిపోయిన ఆటగాడికి పాత క్లబ్ వెల కట్టే హక్కు పోయింది. చివరి ఆరు నెలల్లో అతను వేరే క్లబ్‌తో ముందుగానే సంతకం చేసుకోవచ్చు. అందుకే గడువు దగ్గరపడేకొద్దీ అమ్మేవాడి చెయ్యి బలహీనపడుతుంది. ఎరిక్‌సెన్‌ని టోటెన్‌హామ్ 2020 జనవరిలో ఇంటర్‌కి దాదాపు 20 మిలియన్ యూరోలకే ఇచ్చేసింది, కారణం మిగిలింది ఆరు నెలలే. లివర్‌పూల్‌లో ట్రెంట్ అలెగ్జాండర్ ఆర్నాల్డ్ కాంట్రాక్ట్ 2025 జూన్ 30తో అయిపోవాల్సింది, ఆ తర్వాత రియల్‌కి ఉచితంగా రావలసినవాడే. కానీ క్లబ్ వరల్డ్ కప్ జూన్ మధ్యలోనే మొదలైంది. ఆ కొద్ది రోజులు ముందుగా విడిపించుకోవడానికి రియల్ లివర్‌పూల్‌కి దాదాపు 10 మిలియన్ యూరోలు ఇచ్చింది. జులైలో సున్నా అయ్యే మనిషికి జూన్‌లో పది మిలియన్లు! గడువు అన్న ఒక్క అంశం ధరను ఎలా ఆడిస్తుందో ఇంతకంటే బాగా చూపించే ఉదాహరణ నాకు తెలీదు.

దీనికి ఎదురు ఉదాహరణా ఉంది. 2023లో హ్యారీ కేన్‌కి ముప్ఫై ఏళ్ళు, టోటెన్‌హామ్‌తో మిగిలింది ఒక్క ఏడాది. అయినా బయర్న్ 100 మిలియన్ యూరోల చుట్టుపక్కల ఒప్పుకుంది. ముందటి ఏడాదే లెవాండోవ్‌స్కీ వెళ్ళిపోయాడు, గోల్స్ కొట్టేవాడు కావాలి, అమ్మేవాడికి తొందర లేదు. కొనేవాడి అవసరం కాంట్రాక్ట్ గడువునే మింగేసింది.

కొనేవాడి జేబులో ఎంతుందో బజారుకు తెలిస్తే కూడా ఇదే జరుగుతుంది. 2017 ఆగస్టులో బార్సిలోనా చేతిలో నెయ్‌మార్ 222 మిలియన్లు పడ్డాయని లోకమంతటికీ తెలుసు. అదే నెలలో డెంబెలే 105, జనవరిలో కౌటిన్హో 120 ఖాయంగా, షరతులతో 160 దాకా. ఆ ఇద్దరి అసలు విలువ అంత కాదని నా అభిప్రాయం. బార్సిలోనా స్థానంలో వేరే క్లబ్ అడిగి ఉంటే డార్ట్‌మండ్ గానీ లివర్‌పూల్ గానీ అంత అడిగేవి కావు.

రిలీజ్ క్లాజ్ గురించి ఒక మాట. అది విలువా కాదు, ధరా కాదు, ముందే రాసుకున్న గీత: ఆ మొత్తం కడితే క్లబ్ ఆటగాడిని వదలాల్సిందే. స్పెయిన్‌లో దాదాపు ప్రతి కాంట్రాక్ట్‌లో ఉంటుంది. లమీన్ యమాల్‌కి బార్సిలోనా రాసింది 1 బిలియన్ యూరోలు. ఎవరూ ముట్టుకోకూడదనే అంత రాశారు. హాలండ్‌కి డార్ట్‌మండ్‌లో 60 రాసుకున్నది అటువైపు నుంచి, పిలిస్తే వెళ్ళిపోవడానికి వీలుగా. అలా రాయించుకుంటేనే డార్ట్‌మండ్ వస్తానన్న ఆటగాడి బలం ఆ అంకెలో ఉంది.

ఖాతా పుస్తకాల లెక్క ఇంకొకటి. క్లబ్ వంద కట్టి అయిదేళ్ళ కాంట్రాక్ట్ ఇస్తే, పుస్తకంలో ఏడాదికి ఇరవై చొప్పున ఖర్చు రాస్తారు. చెల్సీ ఎంజోకి 106.8 మిలియన్ పౌండ్లు కట్టి ఎనిమిదిన్నరేళ్ళు రాసింది, ఏడాది ఖర్చు పన్నెండున్నర మిలియన్లకు దిగింది. అయిదేళ్ళైతే ఇరవై ఒకటి దాటేది. 2023 వేసవి నుంచి యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్ఏ, ఆ డిసెంబర్‌లో ప్రీమియర్ లీగ్ ఈ పంపకాన్ని అయిదేళ్ళకు పరిమితం చేశాయి. సొంత అకాడమీలో పెరిగినవాడికి పుస్తకంలో కొన్న ధర ఉండదు. కాబట్టి అమ్మితే వచ్చిందంతా లాభం. కోల్ పామర్‌ని మాంచెస్టర్ సిటీ 40 మిలియన్ పౌండ్లకు వదులుకోవడం వెనక ఈ లెక్క కూడా ఉంది. ఏడాది తిరక్కుండానే ఆ ధర చవకైపోయింది.

వీడియో గేమ్‌లలో కనబడే విలువల్ని ఈ వరుసలో పెట్టక్కర్లేదు. అవి ఆట నడవడానికి కావలసిన అంకెలు.

మీ పనికి ఏది?

ఎవరు గొప్ప, ఎవరు ఏ మెట్టు మీదున్నారు అని పోల్చుకోవడానికైతే ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్ చాలు. ఒకే వయసు, ఒకే పొజిషన్ వాళ్ళని మాత్రమే పోల్చండి. గోల్‌కీపర్‌ని స్ట్రైకర్‌తో పోల్చి ‘ఇతను తక్కువ’ అనకండి. గోల్‌కీపర్ల ధరలే తక్కువ. 2018లో కెపాకి చెల్సీ కట్టిన 80 మిలియన్ యూరోలే ఆ పొజిషన్‌లో రికార్డు. అదీ రిలీజ్ క్లాజ్ అంకే.

ఫలానా క్లబ్ మోసపోయిందా, బేరం బాగా చేసిందా అన్నది వాదన అయితే సీఐఈఎస్ అంకెను, ఖాయంగా కట్టిన ఫీజును పక్కపక్కన పెట్టండి. కాంట్రాక్ట్ గడువు ఒక కాగితం మీద రాసుకోండి. ఆ మూడూ లేకుండా మోసపోయారనడం అన్యాయం.

అసలు కష్టం మన ఇంజినీరింగ్ కాలేజీల ఫైనల్ ఇయర్ బ్యాచ్‌లకి. విజయనగరం నుంచి రాజాం దాకా ప్రతి ఏడాదీ ఒకరిద్దరైనా ఆటగాళ్ళ విలువ అంచనా వేసే ప్రాజెక్ట్ ఎంచుకుంటున్నారు. చాలామంది ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్ విలువనే అంచనా వేయాల్సిన అంకెగా పెట్టుకుంటారు. డేటా అందుబాటులో ఉంటుంది, ప్రతి ఆటగాడికీ ఒక అంకె ఉంటుంది, ఫలితాలు అందంగా వస్తాయి. నేను వద్దనను. కానీ అప్పుడు మీ మోడల్ నేర్చుకుంటున్నది అభిమానుల తీర్పును, మార్కెట్‌ను కాదు. రిపోర్టులో ఆ మాట రాయాలి. ఫీజుల మీద చేస్తే అసలు మార్కెట్ కనబడుతుంది గానీ డేటా తక్కువ, లెక్క చిక్కు. ప్రపంచంలో జరిగే ట్రాన్స్‌ఫర్లలో చాలావాటికి ఫీజే ఉండదు. ఉచితాలు, లోన్లు (కొంతకాలానికి అరువిచ్చినవి) తీసేస్తే మిగిలేది అమ్ముడుపోయినవాళ్ళే. అమ్ముడుపోనివాళ్ళ ధర మీ డేటాలో లేదు.

రెండిట్లో ఒకటే ఎంచుకోమంటే ఫీజునే ఎంచుకోమంటాను. కష్టమైనా నేర్చుకునేది ఎక్కువ. ఫీజును యథాతథంగా కాకుండా లాగరిథమ్‌లో పెట్టండి, లేకపోతే నెయ్‌మార్ ఒక్కడే మోడల్‌ని లాగేస్తాడు. కాంట్రాక్ట్‌లో మిగిలిన నెలలు తప్పనిసరిగా ఒక కాలమ్ కావాలి. అది లేని ప్రాజెక్ట్‌ని నేను ఒప్పుకోను. పాత సీజన్లతో నేర్పించి తర్వాతి సీజన్లతో పరీక్షించండి, ఏళ్ళన్నీ కలిపేసి చీటీలు తీసినట్టు విడగొట్టకండి. 2015 ధరలకీ 2023 ధరలకీ మధ్య ఉన్న పెరుగుదల సవరించండి. అంతా యూరోల్లోనే ఉంచండి, రూపాయల్లోకి మార్చడం ఆఖరి పేజీలో చేసుకోవచ్చు.

కాలేజీ టోర్నమెంట్‌కి ఆటగాళ్ళ వేలం పెట్టేవాళ్ళకి ఈ మూడింటిలో ఏదీ పనికిరాదు. అక్కడ కాంట్రాక్ట్‌లు లేవు, మళ్ళీ అమ్మడం లేదు. మీ వేలంలో ఎంతమంది మంచి కీపర్లున్నారో లెక్కపెట్టి, తక్కువున్న పొజిషన్‌కి ఎక్కువ మూల ధర పెట్టండి.

ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఆటగాళ్ళకి మాత్రం సైట్ అంకెల్ని చాలా మెల్లగా పట్టుకోవాలి. మన దేశంలో క్లబ్బుల మధ్య ఫీజు చేతులు మారడం ఇంకా అరుదే. 2021లో హైదరాబాద్ ఎఫ్‌సీ నుంచి లిస్టన్ కొలాసో ఏటీకే మోహన్ బగాన్‌కి వెళ్ళినప్పుడు ఫీజు దాదాపు కోటి రూపాయలని వార్తలొచ్చాయి, అదే అప్పట్లో పెద్ద విశేషమైంది. పోల్చుకోవడానికి అమ్మకాలే లేనిచోట ఎంత తెలివైన పద్ధతైనా గాలిలో అంకె వేయాల్సిందే. భారత ఆటగాడి స్థాయి తెలియాలంటే ఆడిన నిమిషాలు, జాతీయ జట్టు పిలుపులు, జీతం చూడండి.

ఊళ్ళో పిల్లలకి ఆట నేర్పేవాళ్ళకి

ఫీజును చిన్నచూపు చూడకూడని చోటు ఒకటుంది. ఆటగాడు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఫీజు మీద వెళితే, ఆ ఫీజులో 5 శాతం అతన్ని పెంచిన క్లబ్బులకి పంచాలని ఫిఫా నియమం. 12వ పుట్టినరోజు వచ్చే ఏడాది నుంచి 23వ పుట్టినరోజు వచ్చే ఏడాది వరకు లెక్క. 12 నుంచి 15 వరకు ఒక్కో ఏడాదికి మొత్తం ఫీజులో 0.25 శాతం, 16 నుంచి 23 వరకు ఏడాదికి 0.5 శాతం. వంద మిలియన్ యూరోల అమ్మకంలో, ఆ పిల్లవాడిని 12 నుంచి 15 దాకా ఆడించిన చిన్న క్లబ్‌కి 1 మిలియన్ వస్తుంది, మన డబ్బులో దాదాపు పది కోట్లు. విలువ 180 అయినా ఫీజు సున్నా అయితే ఈ వాటా కూడా సున్నాయే. ఆ డబ్బు పంచడానికి ఫిఫా 2022 నవంబర్‌లో క్లియరింగ్ హౌస్ మొదలుపెట్టింది.

శ్రీకాకుళం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున్నే పిల్లల్ని పరిగెత్తిస్తున్న కోచ్‌లకి వంద మిలియన్ల మాట దూరంగానే ఉంటుంది. లక్ష యూరోల అమ్మకమైనా నియమం అదే. అయితే ఆ వాటా అడగాలంటే పిల్లవాడు ఏ సీజన్‌లో ఏ క్లబ్‌లో ఉన్నాడో చూపించే ఆటగాడి పాస్‌పోర్ట్ కావాలి. ఆ పాస్‌పోర్ట్ తయారయ్యేది ఏఐఎఫ్ఎఫ్ (భారత ఫుట్‌బాల్ సమాఖ్య) రిజిస్ట్రేషన్ వ్యవస్థలో నమోదైన సీజన్ల నుంచే. గ్రౌండ్ రిజిస్టర్‌లో రాసుకున్న హాజరు అక్కడ లెక్కకు రాదు. కాబట్టి ముందు మీ క్లబ్‌కి రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘం గుర్తింపు తెచ్చుకోండి. పుట్టినతేదీ పత్రంలో, ఆధార్‌లో, స్కూల్ రికార్డులో పేరు ఒకే రకంగా ఉందో లేదో చూసి, పన్నెండేళ్ళ పిల్లల దగ్గర్నుంచీ ప్రతి సీజన్ మొదట్లోనే నమోదు చేయించండి.